దర్జీ పిట్ట గూట్లో నా చెయ్యి

ముందే చెప్పేస్తున్నాను. ఈ సంగతి సగానికి వచ్చేసరికి నా కుడిచెయ్యి బూరెలా పొంగుతుంది. కొత్త పట్టుచీర మీద మజ్జిగ గిన్నె బోర్లాపడుతుంది. అత్తవారి తరపు చుట్టాలంతా నన్ను చుట్టుముట్టి తుండుగుడ్డలతోనూ విస్తరాకులతోనూ బాదుతారు. ఒకాయన చెప్పు కూడా తీస్తాడు. ఇంత జరిగినా ఆ రోజు గుర్తొస్తే నాకు సిగ్గు వెయ్యదు, ఛాతీ ఉప్పొంగుతుంది. ఇదేం మనిషిరా బాబూ అనుకోకండి, కాస్త ఓపిగ్గా వినండి.

తొంభైల చివరి మాట. రాజమండ్రిలో జువాలజీ ఎమ్మెస్సీ ముగించి, జంగారెడ్డిగూడెం పక్క ఊరికి కోడలిగా వెళ్లాను. నేను పుట్టి పెరిగింది పట్నంలో, అదీ మేడ మీద వాటాలో. నాకు తెలిసిన జంతుజాలమంతా కాలేజీ ల్యాబ్‌లో సీసాల్లో మునిగి ఉండేది. అది కదలదు, కరవదు, అడక్కుండానే మెడలో పేరు చీటీ వేసుకుని కూర్చుంటుంది. అత్తవారిదేమో మెట్ట ప్రాంతం. ఎర్రమట్టి, పొగాకు, జీడిమామిడి తోటలు. అక్కడ ప్రతి ఆకు కిందా ఏదో ఒకటి పాకుతూనే ఉంటుంది, దేనికీ చీటీ ఉండదు.

అయినా మొదట్లో నా దశ బాగుంది. కాపురానికి వెళ్లిన వారంలోనే మా అత్తయ్య వరండా ఊడుస్తూ ఒక చీపురుపుల్లని విసుగ్గా నెట్టబోయింది. "అత్తయ్యా, ఆగండి! అది పుల్ల కాదు, పుల్లపురుగు" అన్నాను. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు పుల్ల లేచి నాలుగడుగులు నడిచింది. అత్తయ్య చీపురు వదిలేసి గుమ్మం ఎక్కేసింది. మావయ్యగారు కుర్చీలోంచి లేచి, నాకేదో కిరీటం పెట్టబోతున్నట్టు దగ్గరికొచ్చారు.

"ఎలా కనిపెట్టావమ్మా?"

"చదువుకున్నాను కదండీ" అన్నాను తల వంచుకుని. తల వంచడం పైకి మాత్రమే. లోపల అది ఆకాశానికి తగులుతోంది.

ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. టీ కొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర మావయ్యగారిది ఒకటే పాట. "అందరి కోడళ్లూ బీకాములూ బీయ్యేలూనయ్యా. మా కోడలు పురుగుల్ని పేరు పెట్టి పిలుస్తుంది." ఇక చూడండి, జనం అగ్గిపెట్టెల్లో, గాజుగ్లాసుల కింద, చీర కొంగు ముడుల్లో పురుగుల్ని పట్టుకుని మా ఇంటికి రావడం మొదలెట్టారు. సగం నాకు నిజంగానే తెలుసు. తెలియనివాటికి ఒక లాటిన్ పేరు గబగబా చెప్పేసేదాన్ని. లాటిన్‌లో ఉన్న సుఖం ఏంటంటే, ఎదురు ప్రశ్న రాదు.

మా ఇంట్లో నన్ను నమ్మని మనిషి ఒక్కరే. మా ఆడపడుచు భర్త. వరసకి అన్నయ్యగారు. తాడేపల్లిగూడెంలో పురుగుమందుల కొట్టు. మంచి మనిషే గానీ, ఆయన దృష్టిలో నాలుగు కాళ్లకంటే ఎక్కువున్న ప్రతి ప్రాణీ ఒక డబ్బా మందు అమ్ముకోడానికే పుట్టింది.

కార్తీక మాసంలో వనభోజనాలకి అన్నయ్యగారూ వదినా వచ్చారు. వస్తూ వస్తూ వ్యానులోంచి మందు డబ్బాలు కూడా దింపారు.

"మావయ్యగారూ, రేపు భోజనాలైపోతే ఎల్లుండి తోటంతా మందు కొట్టించేద్దాం. జీడి చిగురు మీదుంది, పురుగు పడితే పూత నిలవదు. ఇంక చెట్టు మీద ఒక్కటి మిగలదండి" అన్నారు.

"అన్నీ చంపేస్తే ఎలాగన్నయ్యగారూ? తోటకి మేలు చేసేవి కూడా ఉంటాయి కదా" అన్నాను.

"మేలు చేసే పురుగా? ఏదీ, ఒక్కదాన్ని చూపించు చెల్లెమ్మా. దానికి దండేసి, డబ్బాలు వెనక్కి పట్టుకెళ్లిపోతాను."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వుకి విడిగా లెక్క తేల్చుకోవచ్చు గానీ, అన్నయ్యగారి సవాలు మాత్రం నా గుండెల్లో ముల్లులా దిగింది. రేపు ఆ తోటలో, ఆ చుట్టాలందరి ముందు, ఏదో ఒక అద్భుతం చూపించి తీరాలనుకున్నాను. చూపించాననుకోండి. నేననుకున్న అద్భుతం కాదది.

మర్నాడు ట్రాక్టరెక్కి అంతా తోటకి వెళ్లాం. ఉసిరి చెట్టు కింద పూజ అయింది. ఓ పక్క గాడిపొయ్యి మీద పనసపొట్టు కూర ఉడుకుతోంది, ఆవ ఘాటు ముక్కుపుటాలు అదరగొడుతోంది. వడ్డనకి ఇంకా వేళుంది. "అమ్మా సుధా, ఈలోపు మనవాళ్లకి తోటలో నాలుగు వింతలు చూపించు" అని మావయ్యగారు పురమాయించారు. నేను కొంగు నడుముకి దోపి ముందు నడిచాను. వెనకాల చుట్టాలంతా పెళ్లి ఊరేగింపులా బయల్దేరారు. అందరికంటే వెనక అన్నయ్యగారు, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా.

కాస్త దూరం వెళ్లేసరికి జీడికొమ్మ మీంచి "టువిట్, టువిట్" అని గట్టిగా వినిపించింది. బొటనవేలంత పిట్ట. ఆకుపచ్చ వీపు, నెత్తిన ఇటుకరంగు టోపీ, నిటారుగా నిలబెట్టిన తోక. పుస్తకంలో బొమ్మ లేచొచ్చి కొమ్మ మీద వాలినట్టుంది.

"దర్జీ పిట్ట!" అని అరిచాను. "ఆకుల్ని ముక్కుతో కుట్టి, సంచీ చేసి, అందులో గుడ్లు పెడుతుందండీ."

"ఆకుల్ని కుడుతుందా? సూదెక్కడిది?" అంది వదిన.

"ముక్కే సూది వదినా!"

దేవుడి లీల చూడండి. ఆ పిట్టకి జానెడు దూరంలో, సరిగ్గా నా తలెత్తున, నాలుగైదు పచ్చటి జీడాకులు కలిపి కుట్టిన గూడొకటి వేలాడుతోంది. అంచుల వెంబడి తెల్లటి దారం కూడా కనిపిస్తోంది. పిట్ట అక్కడే, గూడు అక్కడే. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

"అదిగో గూడు! ఆ తెల్లటిది చూశారా, దూదిని పేని దారం చేసింది. ఎంత పనితనమో!"

చుట్టాలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. నేనది ఆశ్చర్యం అనుకున్నాను. అన్నయ్యగారు మెడ సాచి చూశారు.

"మరి దాని మీద ఇన్ని ఎర్రచీమలున్నాయేంటి చెల్లెమ్మా?"

నిజమే, ఉన్నాయి. గూడు మీద అటూ ఇటూ పచార్లు చేస్తున్నాయి. నా దగ్గర సమాధానం లేకపోవడమా!

"పాపం, గుడ్లు తినడానికి వచ్చాయండీ. పిట్ట అందుకే అలా గోల పెడుతోంది. మనమే కాపాడాలి."

"అమ్మాయ్..." అంది అత్తయ్య.

"భయపడకండి అత్తయ్యా. గుడ్లున్నాయో లేదో మెల్లిగా చూస్తాను. దానికి తెలియను కూడా తెలియదు."

దానికి తెలిసింది. గూడు నోరనుకున్న చోట రెండు ఆకులు విడదీసి మణికట్టు దాకా చెయ్యి పెట్టాను. లోపల గుడ్లు లేవు, పిల్లల్లేవు. ఎర్రచీమల రాజధాని ఉంది. చీమలు ఒకదాని నడుం ఒకటి నోటితో పట్టుకుని గొలుసు కట్టి ఆకుల్ని దగ్గరికి లాగి, తమ పిల్లపురుగుల నోటిదారంతో అతికించి కట్టుకున్న నిండు ఊరు. ఆ ఊరి జనాభా అంతా ఒక్కసారి నా చేతి మీదకి ఎక్కేసింది.

ఎర్రచీమ ఊరికే కొరికి పోయే రకం కాదండీ. కొరికి, పట్టు వదలకుండా నడుం వంచి, ఆ గాయంలోకే పుల్లటి మంట చిమ్ముతుంది. ఆ శాస్త్రమంతా నాకు తెలుసు. పరీక్షలో రాస్తే మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ క్షణంలో నా నోట్లోంచి లాటిన్ రాలేదు. "అమ్మ బాబోయ్!" అని వచ్చింది.

చెయ్యి విదిలించాను. చేతి మీదవి జబ్బ మీద పడ్డాయి, జబ్బ మీదవి మెడలోకి జారాయి. ఏ నాట్యాచార్యుడూ నేర్పని అడుగులన్నీ వేస్తూ ఆ తోటలో తిరిగాను. మా ఆయన తుండుగుడ్డతో కొట్టారు, వదిన విస్తరాకుతో కొట్టింది. నేను పరిగెత్తి వంటల దగ్గర మజ్జిగ గిన్నె మీద పడ్డాను. అది చీర మీద బోర్లాపడింది. చల్లగా, ప్రాణానికి హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి.

నన్ను చాప మీద కూర్చోబెట్టారు. అత్తయ్య నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క చీమనే పీకుతోంది.

"ఎర్రచీమల గూడని మీకు ముందే తెలుసా అత్తయ్యా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఈ తోటలో ఎవరికి తెలీదే?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఎమ్మెస్సీ కదమ్మా. చీమలు కరవకుండా చేతికేమన్నా రాసుకొచ్చావేమో అనుకున్నాను."

చుట్టూ నిలబడ్డవాళ్లంతా తలలూపారు. అందరూ అదే అనుకున్నారట. అన్నయ్యగారు మాత్రం మీసం కింద నవ్వు దాచుకోలేక అవస్థ పడుతున్నారు. "సరే మరి, రేపటి దాకా ఎందుకండీ, ఈ సాయంత్రమే మందు కొట్టించేద్దాం. మన పిల్లని కరిచినవాటిని ఊరుకోకూడదు" అన్నారు. మావయ్యగారి మొహం చూడలేక నేను తల దించేసుకున్నాను. ఈసారి వంచుకోవడం కాదు, నిజంగానే దించుకున్నాను.

అలా దించుకోబట్టే కనిపించింది. మజ్జిగతో తడిసిన నా కొంగు మీద ఒక చీమ నడుస్తోంది. మిగతావన్నీ యుద్ధంలో ఉంటే, ఇది మాత్రం శనివారం సంతకొచ్చినట్టు తాపీగా తిరుగుతోంది. కరవడం లేదు. రెండడుగులు వేసి ఆగి, అటూ ఇటూ చూస్తోంది. చీమలు అలా ఆగి ఆగి చూడవు.

"ఇదిగో, ఇంకొకటి!" అని అన్నయ్యగారు చెప్పు తీసి ఎత్తారు.

"ఆగండి!" అని అరిచాను. ఆ అరుపుకి ఆయన చెప్పు గాల్లోనే ఆగిపోయింది.

ఆ చీమ కొంగు అంచు దాకా నడిచింది. అక్కణ్ణించి కిందకి దూకింది. దూకి నేల మీద పడలేదు. గాల్లో నిలబడింది. సన్నటి దారానికి వేలాడుతూ, ఎండలో మెరుస్తూ ఊగుతోంది.

నా చేతి మంట ఎక్కడికి పోయిందో పోయింది.

"అన్నయ్యగారూ, చీమ దారం వేస్తుందా?"

"వెయ్యదు" అన్నారు ఆయన, చెప్పు ఇంకా చేతిలోనే ఉంది.

"కాళ్లెన్నో చూడండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగారు. "ఆరు. పైన రెండు మీసాలు."

"అవి మీసాలు కావండీ, ముందుకాళ్లు. మీసాల్లాగా పైకెత్తి ఆడిస్తోంది. మొత్తం ఎనిమిది. ఇది చీమ కాదు, సాలెపురుగు!"

ఒక్కసారి అంతా చాప చుట్టూ మూగారు. నేను దారాన్ని నా ఎడమచేతి వేలికి చుట్టి పైకి ఎత్తి పట్టుకున్నాను. రంగు చీమదే, నడుం చీమదే, నడక చీమదే. తల ముందు మాత్రం దీపాల్లాంటి పెద్ద కళ్లు, చీమకి ఉండనివి.

"చీమంటే పిట్టలకీ కందిరీగలకీ భయం, దగ్గరికి రావు. అందుకని ఇది చీమ వేషం వేసుకుని చీమల పక్కనే బతుకుతుంది. దీని గురించి చదవడమే గానీ నేనెప్పుడూ చూడలేదండీ. మా ల్యాబ్‌లో సీసాలో కూడా లేదు" అన్నాను.

పొయ్యి దగ్గర కూర అడుగంటుతున్న వాసన వచ్చింది గానీ ఎవరూ కదల్లేదు. మావయ్యగారు నా వేలి దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశారు. నలభై ఏళ్లుగా ఆయన ఆ తోటలోనే తిరుగుతున్నారు.

"ఇది మన తోటలోదేనా అమ్మా?"

"మనదేనండీ. ఈ చీమలుంటేనే ఇదుంటుంది. ఆ చీమలు కూడా మనకి మంచివే. చిగురు పీల్చే పురుగుల్ని కొమ్మ మీద ఉండనివ్వవు. వాటి కోపం ఎలాంటిదో నన్ను చూస్తే తెలియడం లేదా?"

మావయ్యగారు నిటారుగా నిలబడ్డారు. అల్లుడిగారి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "డబ్బాలు వ్యానెక్కించెయ్యండి బాబూ" అన్నారు.

అన్నయ్యగారు మాట మీద నిలబడే మనిషి. పూజలో మిగిలిన బంతిపువ్వు రేకొకటి తెచ్చి, "దండ పట్టదు చెల్లెమ్మా, దీంతో సరిపెట్టుకోమను" అని సాలెపురుగు ముందు పెట్టారు. అది ఆ రేకు మీదకి దూకి, ఆయన్ని ఎగాదిగా చూసి, గడ్డిలోకి వెళ్లిపోయింది. ఆ తోటలో ఆ ఏడు మందు కొట్టలేదు. జీడి బాగానే కాసింది. అది నా గొప్పా, చీమల గొప్పా అంటే, మావయ్యగారు బతికున్నన్నాళ్లూ నా గొప్పే అన్నారు.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. టీ కొట్టు దగ్గర ఆయన పాటకి కొత్త చరణం చేరింది. "ఆ చీమల గూట్లో వేషం వేసుకుని ఒక సాలెపురుగు దాక్కుందయ్యా. మా కోడలికి దూరం నుంచే తెలిసిపోయింది. కొత్తపెళ్లికూతురు, పట్టుచీరతో, ఎర్రచీమల్ని లెక్కచెయ్యకుండా చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసింది!"

నేను ఊరుకోలేదండీ. ఓ రోజు మా వరండాలోనే నిండు సభలో, అందరూ వింటుండగా చెప్పాను. "అలా కాదు మావయ్యగారూ. నేను నిజంగా పిట్ట గూడనుకునే చెయ్యి పెట్టాను."

ఆయన కళ్లనిండా నీళ్లు తిరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి అన్నారు: "చూశారా? ఇంత చేసి కూడా గొప్ప చెప్పుకోదు!"

ఆ తరవాత నిజం ఎన్నిసార్లు చెబితే అంత వినయవంతురాలినని పేరొచ్చింది. ఇక లాభం లేదని, సూర్యచంద్రుల సాక్షిగా, సమస్త కీటకకోటి సాక్షిగా గంభీరంగా ఒక ప్రతిజ్ఞ చేసుకున్నాను. ఇకమీదట ఎంత అందమైన గూడు కనబడినా, దాని మీద ఏ పిట్ట కూర్చుని ఎంత తియ్యగా పాడినా, ముందు మా అన్నయ్యగారి చేత చెయ్యి పెట్టించి, ఆయన నవ్వుతూ బయటికి తీస్తేనే నేను ఉపన్యాసం మొదలుపెడతాను.