ఆ ‘హమ్’లో మేమున్నామా?

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా వరస క్వార్టర్లకి నీళ్లు ఆగిపోయాయి. మొదట పొద్దున ఓ గంట వచ్చేవి, తర్వాత అదీ పోయింది. మా నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. నోరెత్తితే ప్రమోషన్ ఆగుతుందేమోనని ఆయన భయం. అమ్మకి ఆ భయం లేదు. వరసలోని ఆడవాళ్లని కూడగట్టుకుని, ఖాళీ బిందెలతో ఇంజినీరు ఆఫీసుకి బయల్దేరింది. హిందీ బాగా వచ్చని తొమ్మిదో క్లాసు చదువుతున్న నన్నూ లాక్కుపోయింది.

ఆఫీసరు ఫైల్లోంచి తల ఎత్తకుండానే అంతా విని, “ఠీక్ హై, హమ్ దేఖేంగే” అన్నాడు.

“ఏటంటన్నాడే?” అంది అమ్మ.

“చూస్తారట.” హిందీలో మేమన్నా మనమన్నా ఆ ‘హమ్’ ఒక్కటే.

“ఎవరు సూస్తారంట? ఆ హమ్‌లో మనం ఉన్నామా, నేదా? అడుగు.”

సిగ్గేసింది, అయినా అడిగాను. ఆయన అప్పుడు తల ఎత్తి నవ్వాడు. “హమ్ మానే రైల్వే” అన్నాడు.

అది అమ్మకి నేను చెప్పక్కర్లేకపోయింది. “అయితే మేం రైల్వే కాదేటి? నూనె కారతన్న మీ రైల్వే బట్టలు ఏ నీళ్లతో ఉతకమంటారు, బాబూ? మీరు సూసేదాకా మేం ఇక్కడే కూకుంటాం” అని తెలుగులోనే అనేసి, వరండాలో చతికిలబడింది. మిగతావాళ్లూ కూర్చున్నారు. చర్చిలో పాడే మా పక్కింటి అత్త గొంతెత్తింది. చాలామందికి ఆ పాట రాదు, అయినా చప్పట్లు కొట్టారు. పొద్దు వాలకముందే మనుషులొచ్చి మెయిన్ పైపు తవ్వడం మొదలుపెట్టారు. నాన్న ఆ వారమంతా అమ్మతో ముక్తసరిగా మాట్లాడాడు. ప్రమోషన్ మాత్రం ఆగలేదు.

తొంభైల మొదట్లో నేను భాషాశాస్త్రం ఎమ్మేలో చేరాను. రోజూ ఖరగ్‌పూర్ నుంచి లోకల్‌లో హౌరాకి, అక్కడి నుంచి బస్సులో కాలేజీకి. క్లాసులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. “మీ ఊరెప్పుడు వెళ్తావు?” అని నెలకోసారైనా ఎవరో ఒకరు అడిగేవారు. రోజూ సాయంత్రం వెళ్తూనే ఉన్నానని చెప్పేదాన్ని.

ఒకరోజు సార్ ఒజిబ్వే భాష గురించి చెప్పారు. ఉత్తర అమెరికా ఆదివాసులు మాట్లాడే అల్గాంక్వియన్ భాషల్లో అదొకటి. బోర్డు మీద రెండు మాటలు రాశారు. ‘గివాబమ్’ అంటే నువ్వు నన్ను చూస్తున్నావు. ‘గివాబమిన్’ అంటే నేను నిన్ను చూస్తున్నాను. చూసే మనిషి మారినా మొదటున్న ‘గి’ మారలేదు. ‘గి’ అంటే నువ్వు. నువ్వూ నేనూ ఒకే క్రియలో కలిస్తే ముందు చోటు ఎప్పుడూ ‘నువ్వు’దే. ఎవరు ఎవర్ని చూస్తున్నారో చివరి ముక్క చెబుతుంది.

ఆ రెండు మాటలూ నోట్సులో పెద్దక్షరాలతో రాసుకున్నాను. అంత బాగుంది. సార్ అక్కడితో ఆగి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని.

“ఎంత వినయమో చూడండి” అన్నారాయన. “తమని తాము ఎప్పుడూ వెనక్కి నెట్టుకునే జనం. నేల అంత సులువుగా పోగొట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది?”

అందరూ రాసుకుంటున్నారు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, వాళ్ల నేల పోయింది తుపాకుల వల్ల, వ్యాకరణం వల్ల కాదు.”

పెన్నులు ఆగాయి.

“మా ఇంట్లో ‘సేసినాను’ అంటాం సార్. అందులో నేను అన్నది చిట్టచివర, తోకలో ఉంటుంది. అంతమాత్రాన మా అమ్మ వినయవంతురాలైపోయిందా? ఒకసారి ఖరగ్‌పూర్ వచ్చి చూడండి.”

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. “అంత తెలిస్తే వచ్చే వారం సెమినార్ నువ్వే ఇవ్వు” అన్నారు. శిక్ష అనుకున్నారాయన. నేను ఆ వారమంతా లైబ్రరీ మూసేదాకా కూర్చుని, దొరికిన వ్యాకరణాలన్నీ చదివాను.

సెమినార్లో ముందు చోటు వేరు, పెత్తనం వేరు అని చెప్పాను. క్రియలో నువ్వు ముందున్నంత మాత్రాన దెబ్బ కొట్టేది నువ్వే కానక్కర్లేదు, నేనూ కావచ్చు. తర్వాత ఇంకో రెండు మాటలు రాశాను. ‘నీనవింద్’ అంటే మేము. ‘గీనవింద్’ అంటే మనం. మనంలో నువ్వు ఉన్నావు కాబట్టి దానికీ మొదట్లో ‘నువ్వు’ గుర్తే. తెలుగులోనూ మేము వేరు, మనం వేరు.

“మన బెంగాలీ ‘ఆమ్రా’ ఒక్కటే రెండు పనులూ చేస్తుందిగా, ఇబ్బందేముంది?” అంది ముందు బెంచీలోని బెంగాలీ అమ్మాయి. రోజూ నాతో డబ్బా పంచుకునే పిల్లే.

“నువ్వు ‘ఆమ్రా’ అన్నప్పుడు నేను అందులో ఉంటానా?” అని అడిగాను.

“సందర్భాన్ని బట్టి” అంది నిజాయితీగా.

“నా భాషలో అలా తప్పించుకోవడం కుదరదు. నోరు తెరవగానే తేల్చాలి. లోపల పెడుతున్నావా, బయట పెడుతున్నావా అని. నేను పుట్టింది ఈ బెంగాల్లోనే. నన్ను ఏ మాటలో పెడతారో మీరే తేల్చుకోండి.”

ఆ అమ్మాయి తల ఊపింది.

మార్కులు అందరికంటే నాకే తక్కువ వచ్చాయి. వెళ్లి అడిగాను.

“వ్యాకరణంలో తప్పేమీ లేదు” అన్నారు సార్. “నీ ధోరణే బాగాలేదు. కాస్త తగ్గి మళ్లీ రాసి ఇస్తే చూద్దాం.”

“అక్కర్లేదు సార్. అలాగే ఉండనివ్వండి” అన్నాను.

ఎమ్మే అయ్యాక పరిశోధనకి అదే విషయం తీసుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. ఒజిబ్వే మాట్లాడే మనిషిని ఒక్కర్నీ చూడకుండా ఏం చేస్తావన్నారు. మీరూ చూడలేదు కదా, అయినా వాళ్ల మనసెలాంటిదో చెప్పేశారన్నాను. పక్క గదిలోని మేడమ్ ఆ మాట విని బయటికొచ్చింది. ఆవిడకి ఆ భాషలేవీ రావు. “నాకూ నేర్పుతానంటే నా దగ్గర చేరు” అంది. మర్నాడే చేరాను.