మంచినీళ్ల గ్రూపు అడ్మిన్

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నరసరావుపేటలో న్యాయ సేవల ప్యానెల్ న్యాయవాదిగా నియమించారు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారి తరఫున ఉచితంగా వాదించడం ఆ పని. దానితో పాటు నెలకోసారి ఏదో ఒక మండలానికి వెళ్లి న్యాయ విజ్ఞాన సదస్సులో మాట్లాడాలి. రెండేళ్లు చేసి మానుకున్నాను. ఇప్పుడు లా విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ముప్పై ఏళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం తొందరపాటు అనిపించవచ్చు. కానీ ఆ రెండేళ్లలో నేను ఒక సభలో ఒక తప్పు జవాబు చెప్పాను. దాన్ని సరిదిద్దవలసింది నేనే.

ఆ సభ గురజాల వైపు ఒక మండల కేంద్రంలో, కల్యాణ మండపంలో జరిగింది. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. నూనె మరకల చొక్కాతో ఒక పెద్దాయన లేచారు. పేరు ఖాసిం సాహెబ్. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు.

"అమ్మా, ఫోన్లో సినిమా వచ్చిద్ది. ఒకళ్లు ఇంకొకళ్లకి పంపుకుంటారు. దానికి కేసులంట గదా. మామూలోళ్ల మీద కూడా పెడతారా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "ఖాసిం బావా, నువ్వెప్పుడు చూశావయ్యా సినిమా? మోటారు సౌండు తప్ప నీకేం వినపడదు గదా!" అందరూ నవ్వారు.

కాలేజీలో నేను నాలుగేళ్లు వక్తృత్వ పోటీల్లో వాదించినదాన్ని. ప్రశ్న వినగానే సంభావ్యత వైపు నుంచి ఎత్తుకున్నాను. దేశంలో కోట్ల ఫోన్లున్నాయి. సినిమా ఫైళ్లు అందుకునేవారు లెక్కలేనంత మంది. పోలీసులు వెతికేది హాల్లో దొంగతనంగా చిత్రీకరించినవారిని, దానితో వ్యాపారం చేసేవారిని. కనుక భయపడనక్కర్లేదు, మీదాకా రారు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఖాసిం సాహెబ్ కూడా కొట్టారు.

జనవరిలో ఆయన నా గదికి వచ్చారు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"మీదాకా రారన్నారు గదమ్మా. వచ్చారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. చెప్పిన కబురు తప్పయిందని తెలియజేయడం మాత్రమే ఉంది.

ఆ కాగితం అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41-ఏ సెక్షన్ కింద నోటీసు. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చేయకుండా, విచారణకు హాజరు కమ్మని ఇచ్చేది. అంటే ఎఫ్ఐఆర్ అప్పటికే నమోదైంది. నేరం కాపీరైట్ చట్టం 63వ సెక్షన్. తెలిసి ఉల్లంఘించినా, తెలిసి తోడ్పడినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. లాభం కోసం చేయలేదని రుజువైతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అయినా శిక్ష శిక్షే. ముద్దాయిగా రాసింది ఒక్కరినే: గ్రూపు అడ్మిన్ ఖాసిం. ఫోన్ జప్తు చేసి సీలు వేశారు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ ఏడాది ఆయనకూ భార్యకూ హజ్ యాత్రకు డ్రాలో పేర్లు వచ్చాయి. పాత పాస్‌పోర్టుల గడువు ముగియవస్తోంది, కొత్తవి రావాలి. వాటి విచారణ జరగవలసింది అదే పోలీస్ స్టేషన్‌లో. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందని రాసి పంపితే పాస్‌పోర్టు ఆగిపోతుంది. ఇద్దరూ అరవై దాటినవారు. మరో ఏడాది పేరు వస్తుందన్న నమ్మకం లేదు.

కోర్టు వరండాలో అర్జీలు రాసే ఒక పెద్దమనిషి ఆయనకు అప్పటికే సలహా ఇచ్చాడట: ఛార్జిషీటు పడగానే తప్పు ఒప్పుకో, జడ్జిగారు వయసు చూసి తేలిగ్గా వదిలేస్తారు. మా వైపు చిన్న కేసుల్లో అది ఆనవాయితీ. నేరం చేశామా లేదా అన్నదానికంటే ఫైలు ముగియడం ముఖ్యం. ఆ దారి కూడా చట్టంలో ఉందని, కేసు త్వరగా ముగిసినా నేరస్తుడన్న ముద్ర మిగులుతుందని ఆయనకు వివరించడం నా బాధ్యత కనుక వివరించాను.

"చెయ్యనిదాన్ని చేశానని అబద్ధం చెప్పి హజ్‌కి పోతానా లాయరమ్మా? పోయి అక్కడేం చెప్పుకోను?"

దాంతో ఆ దారి మూసుకుంది.

స్టేషన్‌కు వెళ్లి ఎస్సైగారిని కలిశాను. దర్యాప్తు అధికారి ఆయనే. ఊళ్లో సినిమా హాలు యజమాని ఫిర్యాదు చేశాడు. కొత్త సినిమా వచ్చిన వారంలోనే గ్రూపులో దాని ఫైలు తిరిగిందని స్క్రీన్‌షాట్ ఇచ్చాడు. పంపిన వ్యక్తి ఆ వీధిలో అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లాడు. నంబరు పనిచేయడం లేదు. హాల్లో ఆ సినిమాను దొంగతనంగా చిత్రీకరించినవాణ్ణి వదిలి ఈయన్నెందుకు పట్టుకున్నారని అడిగాను.

"వాడు ఏ దేశంలో ఉన్నాడో మేడం. సాయిబు మా స్టేషన్‌కి రెండు వీధుల అవతల ఉన్నాడు."

కోట్ల ఫోన్ల గురించిన నా వాదనకు జవాబు అందులోనే ఉంది. కానీ నేనది ఆ రోజు గ్రహించలేదు. గ్రూపులో మరొకరు పంపినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్తుడు కాడని హైకోర్టులు చెప్పాయని, తీర్పుల ప్రతులు ఆయన ముందు పెట్టాను. ఎస్సైగారు స్క్రీన్‌షాట్ తిప్పి చూపించారు. సినిమా ఫైలు కింద ఖాసిం సాహెబ్ నంబరు నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది.

"చూశాడు, దణ్ణం పెట్టాడు. ఇంక తెలియదంటే ఎట్లా?"

నాకు ఆ గ్రూపు మొత్తం కావాల్సివచ్చింది. ఖాసిం సాహెబ్ ఫోన్ సీలులో ఉంది. ఫోరెన్సిక్ నివేదిక వచ్చేసరికి హజ్ గడువు దాటిపోతుంది. ఆ వీధికి వెళ్లి ఇల్లిల్లూ అడిగాను. కేసని తెలిసిన పూటే అందరూ గ్రూపులోంచి బయటికి వచ్చి, అందులోవన్నీ చెరిపేశారు. కుళాయి నీళ్లు ఏ వేళకు వదులుతారో చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపు అది. పేరు కూడా 'మంచినీళ్లు'. అందరూ వెళ్లిపోయాక ఆ వారం సగం వీధికి నీళ్లు తప్పిపోయాయట.

ఒక్కరు మాత్రం వెళ్లలేదు. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసే మరియమ్మగారు.

"నేను పోతే నీళ్లొచ్చినాయని ఎవరికి చెప్పాల? పెట్టిందే నేను గదా," అన్నారావిడ.

గ్రూపు సృష్టించింది ఆవిడే. మరి అడ్మిన్‌గా ఖాసిం సాహెబ్ ఎలా అయ్యారు?

"శుభలేఖ మీద ఇంటి పెద్ద పేరు వెయ్యమా? ఇదీ అంతే. వీధికి బోరు బాగుచేసేది అన్న. అన్న పేరు పైనుండాలని అన్ననే అడ్మిన్ చేసి, అడ్మిన్‌గా నా పేరు తీసేశా. అన్నకి అడ్మిన్ అంటే ఏందో కూడా తెలవదు."

ఆవిడ ఫోన్‌లో అంతా ఉంది. కానీ అక్కడ నేను ఆగవలసివచ్చింది. నేను ఖాసిం సాహెబ్ న్యాయవాదిని, ఆవిడకు కాను. ఆ మాట స్పష్టంగా చెప్పాను. గ్రూపు పెట్టింది తనేనని పోలీసుల ముందు చెబితే నేరం మోపే వేలు ఆవిడ వైపు తిరగవచ్చు. ఆవిడది సర్కారు ఉద్యోగం. వేరే వకీలును అడిగాకే నిర్ణయించుకోండి అన్నాను. రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు. అడిగారట. ఆ వకీలు వద్దన్నాడట.

"వద్దన్నాడు. నేనొస్తున్నా. ఆయన పేరు పైనేసింది నేను, తీయాల్సింది నేనే గదా అమ్మాయ్."

స్టేషన్‌లో, సాక్షులుగా పిలిచిన ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో ఆ ఫోన్ తెరిచారు. ఎస్సైగారు ముందు ఆవిడ వైపు చూశారు. "అయితే ముద్దాయివి నువ్వా ఏందమ్మా?"

"నీళ్ల కోసం పెట్టా సార్. సినిమా కోసం కాదు. రాసుకోండి."

తర్వాత వెనక్కి జరుపుతూ చదివారు. 'రేపు నీళ్లు రావు': కింద ఖాసిం సాహెబ్ దణ్ణం. 'వెంకాయమ్మ గారు కాలం చేశారు': దణ్ణం. 'కరెంటు పోయింది': దణ్ణం. 'నల్ల మేక తప్పిపోయింది, చూసినోళ్లు చెప్పండి': దణ్ణం. సినిమా ఫైలు: దణ్ణం.

ఎస్సైగారికి నవ్వు ఆగలేదు. "మేక తప్పిపోతే దణ్ణమేందయ్యా సాయిబూ?"

"మనిషి ఏదన్నా చెప్తే ఊ కొట్టాల గద సార్. నాకు అది నొక్కటమొక్కటే వచ్చు."

చట్టం అడిగేది తెలిసి చేశాడా అని. ఆ దణ్ణం సినిమా గురించి ఆయనకు తెలుసని చెప్పదు. ఎవరో ఏదో చెప్పారని మాత్రమే చెబుతుంది. మధ్యవర్తుల నివేదిక రాశారు. ఫోన్ తనదేనని, సరిగా పనిచేస్తోందని ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువపత్రంపై మరియమ్మగారు సంతకం చేశారు. ఆవిడ వాంగ్మూలాన్ని సాక్షిగానే నమోదు చేశారు. నా అర్జీ, తీర్పుల ప్రతులు జతచేసి ఎస్సైగారు పై అధికారి అనుమతి కోరారు. ఆ అనుమతి కోసం నేను స్టేషన్‌కూ డీఎస్పీ కార్యాలయానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. చివరికి ముద్దాయిల జాబితా నుంచి ఖాసిం పేరు తొలగిస్తున్నట్టు మేజిస్ట్రేటు కోర్టులో మెమో దాఖలైంది. పాస్‌పోర్టులు గడువుకు నాలుగు రోజుల ముందు వచ్చాయి. భార్యాభర్తలు వెళ్లి వచ్చారు. ఫైలు పంపినవాడు, హాల్లో దాన్ని మొదట చిత్రీకరించినవాడు నాకు తెలిసినంత వరకు దొరకలేదు.

ఆ తర్వాత సదస్సుల్లోనూ ఎవరో ఒకరు అదే ప్రశ్న అడిగేవారు. పెట్టవచ్చు అని చెప్పేదాన్ని. అందరి మీదా పెట్టరు; పెట్టేటప్పుడు దూరంగా ఉన్నవాడి మీద కంటే చేతికి అందేవాడి మీద పెడతారు. మీ పేరు ఏ గ్రూపులో, ఏ హోదాలో ఉందో ఈ రోజే చూసుకోండి. పక్కవాడి ఫైలు మీకు వద్దనుకుంటే చెరిపేయండి, మరొకరికి పంపకండి. ఈ జవాబుకు చప్పట్లు రాలేదు. ఫోన్లు మాత్రం బయటికి వచ్చేవి.

నా మొదటి జవాబులో లెక్క తప్పు లేదు. ఖాసిం సాహెబ్ తన మీద కేసు పెడతారా అని అడిగారు. నేను ఎంతమంది మీద పెడతారో చెప్పాను. అది ఆయన అడగలేదు.