రాగి పడని తొట్టి

రాబర్ట్‌సన్‌పేట బజారులో కుముదను మొండిఘటం అనని వాళ్లు లేరు. అన్నవాళ్లే మళ్లీ నగలకు ఆమె దగ్గరికే వస్తారు, అది వేరే సంగతి. ఆమె మాలూరు నుంచి కోడలిగా వచ్చేనాటికి ఊరి బంగారు గనులు మూతపడి చాలా ఏళ్లయింది. మామగారు శ్రీకంఠయ్య నగలంగట్లో ఈగలు తోలుకుంటున్నారు. అప్పుడామె గల్లాపెట్టె పక్కన ఉప్పునీళ్ల గాజుతొట్టి పెట్టించింది. అందులో ప్రాణమున్న పగడాలు, నత్తలు, వాటి మధ్య నారింజరంగు చేపలు. పిల్లలు చేపల కోసం అమ్మలను లాక్కొచ్చారు. వచ్చిన అమ్మలు ఊరికే పోతారా! బొటనవేలంత పగడపు ముక్కను కుముద అరచేయంత పెంచింది. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది.

ఒకరోజు పొద్దున చేపల మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించాయి. పరాన్నజీవి పట్టింది. రాగితో చేసిన మందుకు అది లొంగుతుందని కుముద చెప్పింది.

"అయితే తొట్టిలో పోసెయ్యమ్మా, ఇంగ ఆలోచనెందుకు?" అన్నారు శ్రీకంఠయ్య.

"చేపకు మందే మామా, పగడానికీ నత్తకూ విషం. చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి ఆడ మందేస్తాను. ఈడ చేపల్లేకుంటే ఆ పురుగు తిండిలేక చస్తాది. రెండున్నర నెలలు పడతాది."

ఆయన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టారు. అక్షయ తృతీయ ముందర అంగట్లో చేపల్లేని తొట్టా! కుముద వింటేనా. వెనకగదిలో చేపలకు కొలిచి మందు వేసింది, రోజూ నీళ్లు పరీక్షించింది. చుక్కలు రాలిపోయి చేపలు మేతకు ఎగబడ్డాయి. అయినా గడువు తీరందే ముందుకు తేనంది.

ఇంతలో ముందు తొట్టిలో పగడాలు ముడుచుకున్నాయి. నత్తలు వెల్లకిలా పడ్డాయి. కుముదకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికితే, ఇసుకలో పాత రాగికాసు దొరికింది. బీరువా అయినా బిందె అయినా ఖాళీగా ఉంచకుండా తాతలనాటి రాగికాసు వేయడం ఆ ఇంటి ఆనవాయితీ.

"మామా, ఇది మీరేనా?"

"ఖాళీ తొట్టి అంగట్లో ఉండకూడదని వేసినానమ్మా. మంచికే అనుకున్నాను."

"మంచికే వేసినారు. ముందు నీళ్లు మారుద్దాం రండి, తిట్లు తర్వాత."

ఇద్దరూ కలిసి కొత్తగా ఉప్పునీళ్లు కలిపారు, రాగిని పీల్చే వడపోత సంచి పెట్టారు. కొన్ని నత్తలు దక్కలేదు. అరచేతి పగడం మాత్రం మెల్లగా విచ్చుకుంది. విచ్చుకుంటుందని కుముద మొదటే చెప్పింది.

పండగనాడు "చేపలు యాడ?" అని అడిగినవాళ్లకు శ్రీకంఠయ్యే జవాబిచ్చారు. "ఆస్పత్రిలో ఉండాయి, వస్తాయి." జనం నవ్వుతూనే నగలు కొన్నారు.

గడువు తీరింది. చేపలను తన చేత్తోనే వదులుతానన్నారు శ్రీకంఠయ్య. "వెనక తొట్టి నీళ్లు చుక్క కూడా ఇందులో పడకూడదు మామా" అంది కుముద. ఆయన చొక్కా చేయి మడిచి, చేపల వల అందుకోబోయి ఆగిపోయారు. పెళ్లినాటి నుంచి తీయని ఉంగరాన్ని తిప్పి తిప్పి లాగసాగారు. వేలు ఎర్రగా కందిపోయింది. క్షణం మునిగితే ఏమీ కాదని కుముదకు తెలుసు. అయినా చెప్పలేదు.

"బంగారమే కదా మామా?"

"ఇరవైరెండు క్యారెట్లమ్మా. మిగతాదాంట్లో రాగి ఉండాది. నా చేత్తో నేనే కలిపినాను."