‘పైదే’ మింగిన పేరు

నా పుస్తకాలు చదివినవాళ్లు ఒక విషయంలో నన్ను ఏడిపిస్తుంటారు. ఒకే మనిషి చెప్పిన సంగతి పేజీలో నాలుగుసార్లు వస్తే, కింద ఫుట్‌నోట్లలో నాలుగుసార్లూ ఆ మనిషి పూర్తి పేరు రాస్తాను. కాగితం దండగ అంటారు. అననీ. ఆ చాదస్తం నాకు జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరాలోని ఒక మామ్మ దగ్గర అంటుకుంది.

ఎనభైల మొదట్లో మాట. మేము సీతారాండేరాలో ఉండేవాళ్లం. నాన్నగారు ఇంజనీరు. నేను చరిత్రలో ఎమ్మే చేసి బడిలో పాఠాలు చెబుతున్నాను. ఊళ్లోని తెలుగు సంఘంవారు, మనవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పే చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. తెలుగు అచ్చువేసే ప్రెస్సు దగ్గర్లో లేదు. స్టెన్సిల్ కాగితం మీద ఇనప ములికితో చేత్తో రాసి సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీయాలి. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పని నాకు అప్పగించారు. ఎమ్మే చదివిన పొగరు ఒకటుంది కదా, ప్రతి సంగతికీ కింద ఫుట్‌నోట్ ఉండాల్సిందేనని పట్టుబట్టాను.

ఆ మామ్మ పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. భర్త ఒక కంట్రాక్టరు కింద పనిచేసేవాడు. వాళ్లుండే పాకల్లో కుళాయి లేదు. ఒక ఎండాకాలం ఈవిడే ముందు నడిచి, ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకెళ్లి, కంట్రాక్టరు ఆఫీసు మెట్లనిండా ఖాళీ బిందెలు పేర్పించింది. సాయంత్రందాకా ఒక్కరూ కదల్లేదు. ఆ వారంలోనే గొట్టం వేశారు. కానీ కుళాయి వచ్చింది ఆ ఆఫీసు గుమస్తాగారి అర్జీ వల్లేనని అందరూ చెప్పుకునేవారు. ఇదంతా చెప్పి ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది.

“సెప్పింది నానని రాయమ్మా. ఇంకెవులో సెప్పినట్టు ఉండకూడదు.”

రాశాను. మొదటి ఫుట్‌నోట్లో ఆవిడ పేరూ, ఉండే చోటూ. తర్వాతి మూడింటికీ ‘పైదే’ అని పెట్టాను. అంటే పై నోట్లో ఉన్న మనిషే ఇదీ చెప్పారని. చదువుకున్నవాళ్లు అలాగే రాస్తారని నా ధీమా. స్టెన్సిల్ పూర్తయ్యాక సంఘం కార్యదర్శిగారు వచ్చి, ఆ గుమస్తాగారు ఇంకా ఊళ్లోనే, భాలుబాసాలో ఉన్నారు, నొచ్చుకుంటారు, ఆయన అర్జీ మాట కూడా ఒక వాక్యం ఇరికించమన్నారు. మొదటి పేరా చివర కాస్త ఖాళీ ఉంటే ఇరికించాను. కింద, మొదటి నోటుకీ రెండోదానికీ మధ్య, గుమస్తాగారి పేరు రాశాను. స్టెన్సిల్ మీద తప్పులు పూడ్చే ఎర్ర ద్రావకం పూసి అంకెలు దిద్దాను. ‘పైదే’ల జోలికి పోలేదు.

పుస్తకాలు పంచేశాక ఒక ఆదివారం పొద్దున్నే మామ్మకి ఒక ప్రతి పట్టుకెళ్లాను. చదవమని మనవరాలి చేతికిచ్చింది. ఆ పిల్ల “ముఝే తెలుగు పఢ్‌నా నహీఁ ఆతా” అని నాకే తిరిగిచ్చేసింది. నేనే చదివాను. బిందెల పేరా అయ్యేసరికి మామ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత కిందనున్న సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి, అదీ చదవమంది. ఆవిడ పేరు చదివాను. గుమస్తాగారి పేరు చదివాను. ‘పైదే’ దగ్గరికొచ్చేసరికి నా నిర్వాకం నాకు తెలిసొచ్చింది. బిందెలూ, మెట్లూ, సాయంత్రందాకా కూర్చోవడమూ, అన్నీ గుమస్తాగారు చెప్పిన సంగతులైపోయాయి.

“పైదే అంటే ఏటమ్మా?” అంది మామ్మ.

ఆవిడకి చదువు రాదు. మనవరాలికి తెలుగు చదవడం రాదు. నీ పేరే మామ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. వచ్చినందుకే సిగ్గేసింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఇంటింటికీ తిరిగి అన్ని ప్రతులూ దిద్దుతానన్నాను. ఆవిడ పుస్తకం మీంచి వేలు తీసేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

“అందరియీ తరవాత దిద్దుకుందువు గాని. ముందు ఆయన పుస్తకంలో రాసి రా.”

అప్పటికప్పుడే భాలుబాసా వెళ్లాను. గుమస్తాగారు పుస్తకానికి అట్ట వేసుకున్నారు. ఆ పేజీలో తన పేరు కింద గీత గీసుకున్నారు. విషయం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“అర్జీ రాసేను, అది నిజమే. బిందెల సంగతి నాకేం తెలుసమ్మా? ఆ వేళ లోపల గడియ పెట్టుకుని కూచున్నాను.”

జేబులోంచి తన పెన్ను తీసి నాకిచ్చారు. మూడు ‘పైదే’లూ కొట్టేసి, మూడుచోట్లా మామ్మ పూర్తి పేరు రాశాను.

తిరిగి బాగ్‌బేరా వచ్చేసరికి మామ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆయన పెన్నుతోనే రాశానని చెప్పాను. గడియ మాటా చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“గడియెట్టిన సప్పుడు ఆ వేళే ఇన్నానమ్మా. నీకు సెప్పలేదు. ఆ మాట ఆయన్నోటే రావాల.” అని నా చేయి వదిలింది. “అది కూడా రాయి. కింద మాత్రం ఆయన పేరే పెట్టు.”