చిల్లు పెట్టని రూపాయి

మా ముత్తాత వెంకటప్పయ్య గారు ఊరి మునసబు. తాతగారు కోటయ్య గారి కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, రోడ్డు మీద బస్సులో వెళ్ళేవాళ్ళకు కూడా కనిపించేదట. నేను వారి మనవణ్ణి. ఇప్పుడు గుంటూరు మిరప యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాను. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పొద్దున్నే టిక్కీల మూతులు విప్పుతారు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. ఆ ఘాటుకి అందరూ తుమ్ముతారు. నాకు రత్నకుమారి టీచర్ గుర్తొస్తారు.

ఆవిడ మా హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. వాళ్ళ నాన్న మా చేలో కూలికి వచ్చినవాడు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేది ఆవిడే. మొదటి బెంచీలో బిగుసుకుని కూర్చునే నన్ను ఆవిడ అందరిలో ఒకడిగానే చూశారు. మొదట్లో అది నాకు నచ్చలేదు.

పదో తరగతిలో ఒక కథ చెప్పారు. దున్నుతుంటే ఒక రైతుకు చాలులో వెండి రూపాయి దొరుకుతుంది. ఆ యేడు పంట విరగపండుతుంది. అదంతా రూపాయి చలవేనని, దానికి చిల్లు పెట్టించి మొలతాడుకు కట్టుకుంటాడు. తర్వాత బిడ్డకు జబ్బు చేస్తే మందు కోసం ఆ రూపాయే విప్పి ఇస్తాడు. చిల్లు నాణెం చెల్లదని కొట్టువాడు వెనక్కి ఇచ్చేస్తాడు.

"రూపాయి దేనికి గుర్తు?" అని అడిగారు టీచర్.

"అదృష్టానికండీ" అన్నాడు ఒకడు. "ఆశకి" అంది ఒకమ్మాయి.

నేను లేచాను. "మా ఇంట్లోనూ ఉంది టీచర్, మా ముత్తాత గారిది. ఏటా మొదటి టిక్కీ మూతిలో పెట్టి కుడతాం. లక్ష్మి టిక్కీ అంటాం. దాన్ని అన్నిటికన్నా ఆఖర్న అమ్ముతాం."

"దానికి చిల్లు పెట్టారా?"

"లేదండీ."

"అయితే అదింకా రూపాయే. కూర్చో."

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ముందు అది వస్తువు. గుర్తుగా మార్చేది మనమే. మార్చే ముందు దాంతో ఏం అవసరం ఉందో చూసుకోవద్దూ?" అన్నారు.

అంతకు ముందటి యేడు, ఆఖర్న అమ్మిన లక్ష్మి టిక్కీకే మంచి ధర పలికింది. అందుకని నాన్న రాఘవయ్య గారు ఈసారి పంటనంతా ఆ యేటి లక్ష్మి టిక్కీతో పాటు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. చేను అప్పటికే తాకట్టులో ఉంది.

"నాన్నా, ధర బాగుందంట. సగమన్నా అమ్ముదాం. మా టీచర్ చెప్పిన కథలో..."

"కథలు బళ్ళో చదువుకోరా! మునసబు గారి మనవణ్ణి, బేరగాడు ఈల వేస్తే పరిగెత్తాలా?"

ఆ మాట అప్పుడు నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

కొత్త పంట యార్డుని ముంచెత్తింది. ధర పడిపోయింది. మా కాయని బేరగాడు విరిచి అరచేతిలో నలిపాడు. "రంగు చచ్చిపోయిందండీ రాఘవయ్య గారూ. కొత్తకాయ ఇంతుండగా దీన్నెవడు చూస్తాడు?" నాన్న బేరం చెయ్యలేదు. తల ఎత్తుకునే ఇంటికొచ్చి మంచం ఎక్కారు.

సంగతి తెలిసి టీచర్ మా ఇంటికి వచ్చారు. వాళ్ళ పేట నుంచి వచ్చినవాళ్ళకి మా వసారాలో కుర్చీ వెయ్యడం అదే మొదలు. వెయ్యమన్నది నాన్నే.

"రంగు పోతే కారం పోదు కదండీ. వచ్చిన ధరకి ఇచ్చేయండి. ఇంకా దాస్తే అదీ ఉండదు."

నాన్న ఆవిడ వైపు తిరిగారు. "లక్ష్మి టిక్కీ కూడానా టీచర్ గారూ?"

"అదే ముందు అమ్మండి."

మర్నాడు నాన్న యార్డులో తన చేత్తోనే ఆ టిక్కీ కుట్లు కోసి, రూపాయి తీసి నా జేబులో వేశారు. ఆ యేడు మేం అమ్మిన మొదటి టిక్కీ అదే.

టీచర్ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ రైతులు ఇంకొన్నాళ్ళు ఆగుదామా అని అడిగితే, ధర సంగతి చెప్పే ముందు ఇంట్లో అవసరమేమిటని అడుగుతాను. అది ఆవిడ ప్రశ్న.

ఆ యేడు కాయ అమ్మిన సొమ్ము బాకీకి చాలలేదు. చేను అమ్మాం, కల్లం అమ్మాం. నాన్న మంచాన పడ్డాక మందుల కోసం ఆ రూపాయి తీసుకెళ్ళాను. పాత నాణేలు కొనేవాడు అటూ ఇటూ తిప్పి చూసి, "చిల్లు పెట్టలేదు, మంచిపని చేశారు" అన్నాడు. అమ్మేశాను.