ఇరవయ్యో ర్యాంకు

మా వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టు ఉంది. అందులో బల్ల చాలా పొడుగు. కాని కొట్టు నడిపే ఆవిడ సగం బల్ల మీదే పనిచేస్తుంది. బట్టల మూటలు కుర్చీ కింద, కిటికీలో, ఆఖరికి గుమ్మంలో కూడా ఉంటాయి. ఆ రెండో సగం మీద మాత్రం జేబురుమాలు కూడా ఉండదు. నలభై దాటిన మనిషి, ఒంటరిది, మాట తక్కువ. నాకేమో సంగతి తెలిసేదాకా నిద్ర పట్టదు.

మొన్న కావాలనే నా దుప్పట్ల మూట అక్కడ పెట్టాను.

"అక్కడొద్దు పిన్నీ," అని తీసి కింద పెట్టింది.

"ఏమే, అక్కడెవరైనా కూర్చున్నారా? నా కళ్ళకి ఆనట్లేదు గానీ."

నవ్వింది. చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ మెల్లగా చెప్పుకొచ్చింది.

బడిలో ఆఖరి ఏడు చదువుతుండగా తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. కొట్టు ఈమె నెత్తిన పడింది. చదువు మానేస్తానంటే ఎవరూ వద్దనలేదు. ఈమెది ఎప్పుడూ అట్టడుగు ర్యాంకే. కాని కాలేజీ స్కాలర్‌షిప్పుకి ఒక షరతు ఉంది. క్లాసులో పరీక్ష రాసినవాళ్ళలో పదిమందికి ఒకరి చొప్పున, పై ర్యాంకుల వాళ్ళకే అర్హత. క్లాసులో ఇరవైమంది, అంటే ఇద్దరికి. ఒక్కరు తగ్గినా, మొదటి ర్యాంకు ఒక్కరికే.

మానేస్తానన్న మర్నాడు తెల్లవారగానే రెండో ర్యాంకు అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది.

"నువ్వు బడికి రావాలి. నీ పనిలో సగం నేను చేస్తా. ఇంకో పెట్టె ఉందా?"

తల్లి వాడిన ఇస్త్రీపెట్టె ఉంది. బల్లకి అటు ఆ పిల్ల, ఇటు ఈ పిల్ల. ఆ పిల్ల కాలర్లు మాడిస్తే తిట్లు ఈమె తినేది.

"నీకు లెక్కలు తప్ప ఏ పనీ రాదే," అంటే, "నీకు లెక్కలు తప్ప అన్నీ వచ్చు," అనేదట ఆ పిల్ల.

పరీక్షలయ్యేదాకా ఒక్క పూటా మానలేదు. ఈమెకి ఇరవయ్యో ర్యాంకు వచ్చింది. ఆ పిల్లకి రెండో ర్యాంకూ, స్కాలర్‌షిప్పూ వచ్చాయి.

"పరీక్షలైన మర్నాడు కూడా సగం బట్టలు అటువైపు పెట్టి కూర్చున్నా పిన్నీ. మధ్యాహ్నం దాకా చూశా."

"వచ్చిందా?"

"ఎందుకొస్తుంది? పనైపోయిందిగా."

నాకు ఒళ్ళు మండింది. "ఎంత గడుసుదే. తలల లెక్క సరిపెట్టుకోడానికి నిన్ను వాడుకుందన్నమాట. నీకు తెలియనే లేదా?"

"మొదటిరోజే తెలుసు. షరతు మాస్టారు అందరిముందే చెప్పారు. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు."

"తెలిసి ఎందుకెళ్ళావే మరి?"

కాలరు తిప్పి, దాని మీద పెట్టె నొక్కి పట్టింది.

"అమ్మ పోయాక పొద్దున్నే నన్ను లేపడానికి ఎవరున్నారు? అది వచ్చి తలుపు కొట్టేది. నేను మెలకువగానే ఉండేదాన్ని. అయినా రెండోసారి కొట్టేదాకా తీసేదాన్ని కాదు."

"మళ్ళీ ఎప్పుడైనా కనబడిందా?"

"ఒకసారి బస్సులో. 'చివరి బెంచీ కదూ' అంది. గుర్తుపట్టింది పిన్నీ."

ఆ చివరిమాట సంతోషంగానే అంది. ఆమె ఇంకో చొక్కా తీసి పరుచుకుంది. నేను నేల మీది దుప్పట్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.