నట్టు మీది పసుపు గీత

మా అంబాసిడర్ వెనక చక్రాలు బాడీకి బాగా లోపలగా ఉంటాయన్నది ఎనభైల మొదట్లో మావారికి పట్టుకున్న దిగులు. ఆ కారు ఒక డాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నది. హనుమకొండలో ఇల్లు, మట్టెవాడలో బట్టల దుకాణం. రోజూ అటూ ఇటూ తిరగడానికి అది చాలు. కానీ ఒక పెళ్ళిలో ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన కారొకటి చూశారు. దాని చక్రాలు బాడీ అంచుకు సరిసమానంగా, తాడు పట్టి పెట్టినట్టు ఉన్నాయి. ఆ రోజు నుంచి మా కారు ఆయన కంటికి మంచి కోటు తొడుక్కుని కురచ పంచె కట్టిన మనిషిలా కనబడడం మొదలైంది.

"మనం కూసునేది లోపల. చక్రాలు ఎక్కడున్నయో మనకెట్ల కనబడతది?" అన్నాను.

"చూసేటోళ్లకు కనబడతది."

"చూసేటోళ్లు పెట్రోలు పోస్తరా మరి?"

ఆయన గడియారం చూసుకున్నారు. జవాబు లేనప్పుడు మావారు చేసే పని అదే.

చక్రానికీ బ్రేకు డ్రమ్ముకూ మధ్య మందపాటి ఇనుప బిళ్ళ పెడితే చక్రం ఆ మేరకు బయటికి వస్తుంది. స్పేసర్ అంటారు. మా కారు చూసే మిస్త్రీ ముసలాయన, ముక్కుసూటి మనిషి. ఆయన్ను అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. బి.ఎస్సీ.లో ఫిజిక్సు చదివి ఊరికే కూర్చోలేను కనుక ప్రశ్నలన్నీ నేనే వేశాను.

"పెట్టచ్చు బిడ్డా, తప్పేం లేదు. బిళ్ళ మందం ఎంతనో, బోల్టు అంత పొడుగు పెరగాలె. ఇప్పుడు నట్టు తొమ్మిది చుట్లు తిరుగుతది. బిళ్ళ పెట్టినంక గూడ తొమ్మిది తిరగాలె. తక్కువైతే పట్టు తక్కువ. బిళ్ళకు రంగు గింగు వెయ్యద్దు, ఇనుము ఇనుముకే ఆనాలె. నడిమి తొర్ర సందు లేకుంట కూసోవాలె. నిండ మనుషులను ఎక్కిచ్చి టైరు మడ్గార్డుకు రాస్తాందా చూడాలె. యాభై మైళ్లు తిరిగినంక మళ్ల బిగించాలె. గింతే."

"గింతేనా? పెండ్లి మంత్రాల కంటె ఎక్కువున్నయి" అన్నారు మావారు.

"పెండ్లిల మంత్రం తప్పితే కాపురం నడుస్తది సేటూ. దీంట్ల తప్పితే చక్రం ఒకదిక్కు పోతది, మీరొకదిక్కు పోతరు."

పొడుగు బోల్టులు హైదరాబాదు నుంచి రావాలి. లేతు మిషను అతను బిళ్ళలు దసరాకు ముందే చేసిచ్చాడు. బోల్టులు మాత్రం రాలేదు. మిస్త్రీ కూతురి ఇంటికి పరకాల పోయాడు. పండగనాటికి కారు కొత్త రూపుతో నిలబడాలని మావారి పట్టుదల. నాకు చెప్పకుండా రెండు బిళ్ళలకూ వెండిరంగు వేసి, పాత బోల్టుల మీదే తన చేత్తోనే బిగించేశారు. బోల్టులు రాలేదని నాకు అప్పటికి తెలియదు; అడిగితే అంతా మిస్త్రీ చెప్పినట్టే అన్నారు.

నవమినాడు మా ఇంట్లో ఆయుధపూజ. దుకాణం కత్తెరలు, మీటరు కర్ర, కత్తిపీట, కారు జాకీ, చక్రాల స్పానర్ అన్నీ అమ్మవారి ముందు పెడతాం. దసరానాడు జమ్మికి పోయి వచ్చేదాకా వాటిని ముట్టుకోకూడదు. కూరగాయలు కూడా ముందే తరిగి పెట్టుకుంటాం. కారుకు మా అత్తమ్మ స్వయంగా పూజ చేసింది. మావారు చక్రాల మూతలు తీసేసి నట్లను చింతపండుతో తోమి ఉంచారు. ఆమె ఒక్కొక్క నట్టు మీద నుంచి రిమ్ము మీదికి వేలితో పసుపు గీత లాగి, కుంకుమ పెట్టింది. నిజం చెప్పాలంటే కారు బాగుంది. దానికి భుజాలు వచ్చినట్టుంది. ఆ మాట నేను పైకి అనలేదు.

దసరా పొద్దున ఆయన కారులో మట్టెవాడ వెళ్ళి దుకాణంలో దీపం పెట్టి వచ్చారు. తర్వాత అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం పాలకుర్తి గుట్ట మీది గుడికి బయలుదేరాలి. పిల్లలు అప్పటికే వెనక సీటు ఎక్కేశారు. పులిహోర డబ్బా డిక్కీలో పెడుతుంటే ఎడమవైపు చక్రం నా కంటపడింది. రెండు నట్ల దగ్గర పసుపు గీత విరిగి ఉంది. రిమ్ము మీది ముక్క ఒకచోట, నట్టు మీది ముక్క ఇంకోచోట. నట్టు తిరిగితే తప్ప ఆ గీత అలా విరగదు.

పిల్లలను దించాను.

"పొడుగు బోల్టులు వచ్చినయా?"

ఆయన గడియారం చూసుకున్నారు.

"స్పానర్ తీసుకరాండ్రి."

"పూజల ఉన్నది. జమ్మి దాక ముట్టద్దు."

"కారుకు పూజ చెయ్యలేదా మరి? కారు తోలచ్చు గని నట్టు బిగించద్దా?"

"కారు వాహనం. స్పానర్ ఆయుధం."

"ఆ వాహనం ఎక్కేది మీ తల్లి, మీ పిల్లలు. స్పానర్ పట్టుకుంటే అమ్మవారు కోపం చేస్తదా, చక్రం ఊడితే చేస్తదా, మీరే చెప్పుండ్రి."

"పండుగపూట ఏం మాటలే అవి."

"మాటకు ఊడదు. బిగించకుంటే ఊడతది."

అత్తమ్మ అరుగు మీద కూర్చుని వింటోంది. రోజుకు రెండు వాదాలు లేకపోతే నాకూ ఆమెకూ పొద్దుపోదు. పూజ విషయంలో మాత్రం ఆమెదే చివరి మాట. లేచి వచ్చి, వంగి, గీతను చూసింది. "నేను గీసినప్పుడు సాఫ్‌గ ఉండె" అంటూ లోపలికి పోయింది. అమ్మవారికి దండం పెట్టి స్పానర్ తానే తెచ్చి కొడుకు చేతికిచ్చింది.

"పిల్లలెక్కే బండి తల్లీ అని చెప్పిన. ఊకున్నది. పట్టు."

బిగిస్తే చాలని ఆయన అనుకున్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక నట్టు పూర్తిగా విప్పమని, చుట్లు లెక్కపెట్టాను. నాలుగో చుట్టుకే అది ఆయన చేతిలో పడింది. జాకీ కూడా పూజలోంచి వచ్చింది. బిళ్ళలు బయటికి తీస్తే వెండిరంగు నలిగి పొరలుగా లేచి ఉంది. రంగు అలా నలిగే కొద్దీ నట్టు వదులవుతుందని తర్వాత మిస్త్రీ చెప్పాడు.

చక్రాలు మళ్ళీ లోపలికి పోయాయి. ఈసారి నట్లు తొమ్మిది చుట్లూ తిరిగాయి. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు.

పాలకుర్తికి రెండు గంటలు ఆలస్యంగా చేరాం. గుట్ట మెట్లు ఎక్కుతుంటే మావారు నా పక్కకు వచ్చారు.

"పొద్దున మట్టెవాడ నుంచి వచ్చేటప్పుడు వెనక టకటకమన్నది. డిక్కీల జాకీ అనుకున్న. జాకీ ఇంట్ల పూజల ఉన్నదని యాదికి రాలే."

నేను పులిహోర డబ్బా చెయ్యి మార్చుకున్నాను.

దీపావళికి ముందు బోల్టులు వచ్చాయి. మిస్త్రీ రంగు గీకించి, తను చెప్పినవన్నీ చెప్పిన వరుసలోనే చేశాడు. చక్రాలు అంచుకు వచ్చి నిలబడ్డాయి. యాభై మైళ్ళ తర్వాత మళ్ళీ బిగించిన రోజు అత్తమ్మ గిన్నెలో పసుపు తడిపి తెచ్చి ప్రతి నట్టుకూ గీత గీసింది. మిస్త్రీ నవ్వుతాడనుకున్నాను. "మంచి ఉపాయం అమ్మా. మేం గూడ సుద్దతోని గీస్తం ఇగ" అన్నాడు.

మరుసటి దసరాకు ఆయుధాలు సర్దుతుంటే స్పానర్ కనబడలేదు. వెతికితే డిక్కీలో ఉంది, పసుపు కుంకుమలతో సహా. పూజలో పెట్టలేదేమని అత్తమ్మను అడిగాను.

"అది డ్యూటీల ఉన్నది. ఉండనియ్యి" అన్నది.